పూరా కవర్ హై

టాటానగర్‌లో మాంగో వంతెన మీద షేర్ ఆటో ఎప్పటిలాగే ఆగిపోయింది. ముందు లారీ, వెనక బస్సు, పక్కన నెత్తికి మైకు కట్టుకున్న టోటో. బ్యాటరీ రిక్షాని ఇక్కడ టోటో అంటారు. ఆ మైకులో ఒకాయన గొంతు చించుకుంటున్నాడు: "నవజాత్ శిశు భీ కవర్! పహ్లే దిన్ సే పూరా కవర్!" అప్పుడే పుట్టిన బిడ్డకి కూడా సర్కారు వారి ఆరోగ్య కార్డు మొదటి రోజు నుంచే వర్తిస్తుందట, పూర్తిగా వర్తిస్తుందట.

"పూరా కవర్" అన్న మాట చెవిన పడగానే నాకు నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగదే! పక్కన కూర్చున్న నిండు చూలాలు నన్నొక చూపు చూసి, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఉన్న కాస్త చోటులోనే అవతలికి జరిగింది. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. పోయిన వానాకాలంలో కన్నుమూసిన మా అత్త గుర్తొచ్చింది.

అత్త అంటే నిజం అత్త కాదు. మా నాన్నతో కలిసి రైల్వేలో పనిచేసినాయన భార్య. పర్సుడీహ్‌లో వాళ్ళ గోడ, మా గోడ ఒకటే. వీధిలో తెలుగువాళ్ళకి అత్త, హిందీవాళ్ళకి మౌసీ. పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు, కాబట్టి నేనూ ఇక్కడ రాయను. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురిగా వచ్చి టాటానగర్ స్టేషన్లో దిగింది. ముసలిదయ్యేదాకా ఇక్కడే ఉంది. అన్నేళ్ళున్నా హిందీ మాత్రం ఒంటబట్టలేదు.

నేనేమో స్కూల్లో హిందీ టీచర్ని. ఆడదాన్ని మగవాడిలా, మగవాణ్ణి ఆడదానిలా పలికితే ఒళ్ళు మండే రకం. అత్త హిందీలో తప్పు పట్టడానికి కూడా ఏమీ ఉండేది కాదు. ఎవరేమడిగినా వచ్చేది ఒకటే మాట: "హై." అంటే ఉంది అని. కూరలవాడు చిల్లర ఉందా అంటే, హై. కరెంటు బిల్లాయన ఇంట్లో మగవాళ్ళున్నారా అంటే, హై. పోలియో చుక్కలమ్మాయి చిన్నపిల్లలున్నారా అంటే, హై. వాళ్ళింట్లో అప్పటికి చిన్నపిల్లలెవరూ లేరు. ఆ అమ్మాయి చుక్కల సీసా పట్టుకుని మంచం కింద కూడా చూసింది.

"ఏటత్తా, లేనిదానికి కూడా హై అంటావేటి?" అని ఓసారి దెబ్బలాడాను.

"నీకు తెల్దే పిల్లా," అంది. "హై అన్నావనుకో, ఒగ్గేత్తారు. నై అన్నావనుకో, ఎందుకు నేదు, ఎక్కడికెల్లింది, ఎప్పుడొత్తాది అని కూకోబెట్టి అడుగుతారు. అయ్యన్నీ నానెక్కడ సెప్పగలను?"

ఇది తెలివో, తెలివితక్కువో నాకు అప్పుడు అర్థం కాలేదు.

చుట్ట కాల్చేది. అదీ అడ్డపొగ: నిప్పున్న కొస నోట్లో, చల్లని కొస బయట. మా వైపు ముసలమ్మలకి అది మామూలే గాని ఇక్కడివాళ్ళకి గారడీ. పొగ వస్తుంది, నిప్పు కనిపించదు. అరుగు మీద అలా కూర్చుంటే దారిన పోయే కుర్రాళ్ళు సైకిలు దిగి మరీ చూసేవాళ్ళు. అంతటి చుట్టనీ వీధిలో ఎవరింట్లోనైనా పసిబిడ్డ పుట్టిందంటే అవతల పెట్టేసేది. పిల్లలకి నీళ్ళు పొయ్యడం ఆవిడ పని. ఎవరూ చెప్పిన పని కాదు, జీతమిచ్చే పనీ కాదు. బీహారీలు, ఒడియావాళ్ళు, మనవాళ్ళు అని లేదు, గోడ అవతల పసిపిల్ల ఏడుపు వినిపిస్తే చాలు, కొంగు బిగించి బయలుదేరేది.

దానికి ముందు మా ఇళ్ళ మీద పడేది. "పాత కోకుంటే ఇయ్యండే." ఇచ్చిన చీరని చెంపకి ఆనించి చూసేది. కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, చాలాసేపు. "గరుగ్గా ఉంది, గుంటకి ఒరుసుకుపోద్ది," అని నా మంచి చీరలెన్నో వెనక్కి ఇచ్చింది. ఉతికి ఉతికి రంగు పోయి, పట్టుకుంటే చిరిగిపోతుందేమో అన్నట్టున్నదే ఆవిడకి నచ్చేది. దాన్ని ముక్కలు చేసి, స్నానం అయిన బిడ్డని అందులో చుట్టేది. కాళ్ళు చాపి, చేతులు పక్కకి చేర్చి, ఒక ముక్క మీద ఇంకో ముక్క, ఆఖరికి ఒక కొస తల మీదుగా తెచ్చి చెవులు మూసేది. మిగిలేది కళ్ళూ ముక్కూ నోరూ. అప్పుడు మెల్లగా తట్టి అనేది: "అయిపోనాది. ఇంక నిన్నెవులేటి సేత్తారు?"

ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఆ చుట్టడం చూస్తుంటే నాకూ నిజంగానే ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరనిపించేది.

ఇక కొన్నేళ్ళ కిందటి ఒక చలికాలం సంగతి. ఆవిడ కోడలు నెలలు నిండకుండానే కన్నది. కొడుకుది ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఈ ఊళ్ళో ఫ్యాక్టరీ పర్మనెంటు వాళ్ళకి కంపెనీ ఆసుపత్రి, రైల్వే పర్మనెంటు వాళ్ళకి రైల్వే ఆసుపత్రి ఉన్నాయి. కాంట్రాక్టు వాళ్ళకి ఉన్నది సర్కారు కార్డే. అందులో కొడుకు పేరుంది, కోడలి పేరుంది, అత్త పేరుంది. ఆ పొద్దున్నే పుట్టిన ఆడపిల్ల పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

పిల్ల ఊపిరి అందక గిలగిలలాడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. కాన్పయిన చోట పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు ఖాళీ లేవు. కార్డు తీసుకునే ప్రైవేటు ఆసుపత్రి ఒకటుంది, ఆలస్యం చెయ్యకుండా తీసుకుపొమ్మన్నారు. కొడుకు కోడలి దగ్గర ఉండిపోయాడు. హిందీ వచ్చినదాన్నని నన్ను రమ్మన్నారు. బయలుదేరబోతుంటే అక్కడి నర్సు అత్తతో, "మౌసీ, బచ్చీ కో కవర్ కరో, బాహర్ ఠండ్ హై," అంది. బయట చలిగా ఉంది, బిడ్డకి కప్పమని. అత్త "హై, హై" అంటూ సంచీలోంచి కోక ముక్కలు తీసి చుట్టింది. తట్టింది గాని, ఎప్పుడూ అనే మాట మాత్రం అనలేదు.

ప్రైవేటు ఆసుపత్రిలో ముందు కౌంటర్లో కార్డు చూపించమన్నారు. అక్కడ కవర్ లేదంటే ఊరి అవతలి కొసన ఉన్న ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్ల అంతదూరం ఆగేలా లేదు, అది నాకు ముఖం చూస్తేనే తెలుస్తోంది.

మా ముందు ఒకాయన అన్నగారి కార్డు పట్టుకొచ్చాడు. కౌంటర్లో కూర్చున్నతను "కవర్ నహీ హై" అని కార్డు వెనక్కి తోసేశాడు. ఆయన బతిమాలాడు, తిట్టాడు, వెళ్ళిపోయాడు. అత్త అదంతా చూసింది. చూసిందనే నా నమ్మకం. కాకపోతే ఆ సేపంతా ఆవిడ ఉత్త నోరు నములుతూ పిల్ల ముక్కుపుటాలనే చూస్తోందని కూడా నాకు గట్టిగా గుర్తు. రెండూ ఎలా నిజమవుతాయో నన్నడగకండి.

మా వంతు వచ్చింది. అతను కార్డు అటూ ఇటూ తిప్పి, "యే తో మా కా కార్డ్ హై. బచ్చా కవర్ హై కి నహీ?" అన్నాడు. ఇది తల్లి కార్డు, మరి బిడ్డ కవర్ అయిందా లేదా?

నేను గొంతు సవరించుకున్నాను. "దేఖియే, శిశు కా జన్మ్ ఆజ్ హీ హుఆ హై, అతః..." అని మొదలుపెట్టాను. చూడండి, శిశువు జననం నేడే జరిగింది, కావున... అని. ప్రాణం మీదికొచ్చినప్పుడు "అతః" అనే మనిషి ఈ ఊరు మొత్తంలో నేనొక్కదాన్నే. ఆ తర్వాత చెప్పబోయేది, ఇంకా పేరు ఎక్కించలేదని. "నహీ" అన్న ముక్క నాలిక చివరకి వచ్చేసింది.

"హై!"

అత్త నన్ను మోచేత్తో పక్కకి నెట్టి ముందుకొచ్చేసింది. "కవర్ హై బాబూ! పూరా కవర్ హై! దేఖో!" తను కప్పుకున్న శాలువా తొలగించి బిడ్డని కౌంటరు మీదికి ఎత్తి పట్టింది. "ఈడ కవర్. ఈడ కవర్. కాళ్ళు భీ కవర్. సిర్ భీ కవర్. సూడు బాబూ, పూరా కవర్!"

అతను చూశాడు. వెలిసిపోయిన పువ్వుల చీర మడతల్లో నీలం పెదవులు. అత్త వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను నోరు తెరుచుకునే ఉన్నాను. అతను తల వంచుకుని కంప్యూటర్లో ఏదో నొక్కాడు. "ఠీక్ హై. అందర్ లే జాయియే," అన్నాడు, లోపలికి తీసుకెళ్ళమని. లోపలి నుంచి ఒకామె పరిగెత్తుకొచ్చి పిల్లని అందుకుపోయింది.

అతను నమ్మాడా? జాలిపడ్డాడా? తల్లి కార్డు చాలన్న సంగతి అతనికి ముందే తెలుసా? తెలిస్తే మరి ఎందుకడిగినట్టు?

బయట బల్ల మీద కూర్చున్నాం. అబద్ధం చెప్పి చేర్పించామా, అది బయటపడితే పిల్లని బయటికి పంపేస్తారా అని నా భయం. "ఏటత్తా నువ్వు చేసింది?" అన్నాను. ఆవిడ తలుపు వైపే చూస్తోంది. కాసేపటికి ఆ తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చి, మడతపెట్టిన కోక ముక్కలు అత్త ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

అత్త వాటిని విప్పి చూసింది. లోపల ఏమీ లేదు. ఆవిడ ముఖం ఎలా అయిపోయిందో చెప్పలేను.

"గుంటేదే? కవరు తీసీసినారేటే? ఓలమ్మో, కవరు తీసీసినారు!"

అంత పెద్ద మనిషి, వీధి పిల్లలందరినీ కాళ్ళ మీద పడుకోబెట్టుకున్న మనిషి, ఆసుపత్రి వరండాలో గొల్లుమంది. నేను భుజాలు పట్టుకుని, "అత్తా, లోపల పెట్టె వెచ్చగా ఉంటాదత్తా, బట్టలక్కర్లేదు. పిల్ల బాగానే ఉంది. అతను అడిగిన కవరు ఇది కాదు," అన్నాను.

"మరేటే కవరంటే?"

చెప్పబోయాను. కవరంటే, ఆ పిల్లకి ఏమైనా అయితే ప్రభుత్వం... అంటే మన తరఫున... అంటే ఆ పిల్లని ఎవరూ పొమ్మనకుండా... ఎటు నుంచి ఎటు చెప్పినా అది ఆవిడ కోక ముక్క దగ్గరికే వస్తోంది. చివరికి ఆపేశాను. అత్త ఆ ముక్కల్ని చెంపకి ఆనించుకుని, తలుపు వైపు తిరిగి కూర్చుంది.

పిల్ల బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయి. ఇంటికి పంపే రోజున కౌంటరు వాళ్ళు పిలిచారు. కార్డులో పిల్ల పేరు లేదు, కవర్ ఉందని చెప్పిందెవరు అని గదమాయించారు. పేరు ఎక్కించాలంటే జనన ధ్రువపత్రం కావాలన్నాడొకాయన. దానికి పిల్ల పేరుండాలి అన్నాడింకొకాయన. పేరు తర్వాతైనా పెట్టుకోవచ్చు, ముందు డిశ్చార్జి కాగితం కావాలి అన్నాడు మూడో ఆయన. కవర్ తేలందే డిశ్చార్జి కాదు అన్నాడు మళ్ళీ మొదటాయన. నేను నా శుద్ధ హిందీతో అందరి చుట్టూ తిరిగి, ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చి నిలబడ్డాను.

"బచ్చీ కా నామ్?" అని పిల్ల పేరు చివరికి అత్తనే అడిగారు.

"హై."

"క్యా నామ్ హై?"

"బాద్ మే హై," అంది అత్త. తర్వాత ఉంటుంది అని. పురుడు వెళ్ళేదాకా బిడ్డని పేరు పెట్టి పిలవకూడదని ఆవిడ పట్టుదల. పేరెత్తితే వినకూడనివాళ్ళంతా వింటారట. ఏదో ఒక పేరు చెప్పు అత్తా, కాగితం మీదే కదా అని నేను బతిమాలితే, "కాయితానికి సెవులు నేవేటి?" అంది.

ఈ గొడవంతా విని లోపలి గది నుంచి ఒక మేడమ్ వచ్చింది. కార్డు చూసింది, అత్త చేతుల్లోని పిల్లని చూసింది. "మా హై తో బచ్చా హై. ఝగడా కిస్ బాత్ కా?" అంది. తల్లి ఉంటే బిడ్డ ఉన్నట్టే, కొట్లాట దేనికి అని. చక్కా వెళ్ళిపోయింది. కౌంటరతను మాత్రం మాకు చిన్నగా చెప్పాడు, అది రూల్ కాదు, ఈసారికి మేడమ్ చేసిన సర్దుబాటు అని. గేటు దగ్గర ఇంకొకాయన, అదే రూల్, వీళ్ళకే తెలియదు అన్నాడు. అంటే ఆ పిల్ల మొదటి నుంచీ కవరేనా, మేడమ్ అన్నాక కవరయిందా, లేక అత్త పాత చీర వల్ల కవరయిందా, నాకు ఈ రోజుకీ తేలలేదు.

తేలకపోతే నాకు నిద్రపట్టదు. అత్త అరుగు మీద చుట్ట వెలిగించుకున్నప్పుడల్లా వెళ్ళి కూర్చునేదాన్ని.

"అత్తా, నిజం చెప్పు. ఆ రోజు నీకు తెలిసే అన్నావా?"

"హై."

"తెలీక అన్నావా?"

"హై."

నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుని, పొగ వదులుతూ, స్టేషన్ వైపు చూసేది. నవ్వుతోందో లేదో కూడా తెలిసేది కాదు, చుట్ట అడ్డం.

పిల్లకి పురుడయ్యాక పేరు పెట్టారు, కార్డులో ఎక్కించారు, స్కూల్లో వేశారు. అత్త తెలుగులో అడిగేది, అది హిందీలో జవాబు చెప్పేది. "అన్నం తిన్నావేటే?" అంటే "భూఖ్ నహీ హై దాదీ" అనేది. ఆకలి లేదని అది చెబితే, అందులో హై మాత్రం విని, ఉందన్నదనుకుని అత్త కంచం తెచ్చేది. అది తిట్టుకుంటూనే తినేసేది. వాళ్ళిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవారో నాకు తెలియదు గాని, గోడ అవతలి నుంచి రోజూ వినిపించేది. ఇప్పుడు వినిపించడం లేదు. సాయంత్రం ఆ గోడ పక్కన కూర్చోవడం నాకు కష్టంగా ఉంది.

ఆటో ఇంకా వంతెన మీదే ఉంది. టోటో కాస్త ముందుకు జరిగింది, మైకు మాత్రం ఆగలేదు. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి, పక్కనున్న చూలాలికి భయం పోయినట్టుంది. "ఆంటీ, యే సచ్ బోల్ రహా హై?" అంది. ఇతను చెప్పేది నిజమేనా అని. మొగుడు పర్మనెంటు కాదట, తన దగ్గర కార్డు ఉందట, పుట్టబోయే బిడ్డ సంగతి ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారట.

నేను టీచర్ని కదా, విడమరచి చెప్పాను. తల్లి కార్డు చాలంటారని, చాలదని కూడా అంటారని, పేరు కావాలంటారని, పేరు తర్వాతైనా పరవాలేదంటారని. చెబుతున్నకొద్దీ ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. కడుపు మీద చెయ్యి బిగుసుకుంది.

"తో బచ్చా కవర్ హై కి నహీ?" అంది.

అదే ప్రశ్న. అవే మాటలు. నాకు తెలియదని చెప్పాలి. నోరు తెరిచాను.

"హై," అన్నాను.

అత్త చెప్పిన ప్రకారం అక్కడితో వదిలేయాలి. ఆ అమ్మాయి వదల్లేదు. నా చెయ్యి పట్టుకుని, "పక్కా?" అంది.

దీనికేం అనాలో అత్త నాకు చెప్పలేదు. అత్తని అలా ఎవరూ అడిగినట్టు లేదు. ఆటో మారాల్సిన సాక్చీలో దిగాక నేను పర్సుడీహ్ ఆటో ఎక్కలేదు. కార్డుల సంగతి చూసే ఆఫీసు ఎక్కడో అడుగుదాం పద అని ఆ అమ్మాయితో నడిచాను. బరువుగా, నెమ్మదిగా నడుస్తోంది. రోడ్డు దాటిస్తూ, ఇంట్లో మెత్తటి పాత చీరలున్నాయా అని అడిగాను.

"హై," అంది.

నిజంగానే ఉన్నాయో, నన్ను వదిలించుకోవడానికే అందో నాకు తెలియలేదు.